అణుబాంబు తరఫున నేను

తెలుగు సారు సుద్దముక్కల డబ్బాలో రెండు చీటీలు వేసి ముందుకు చాపారు. నేనొకటి తీశాను. విప్పి చూస్తే "న్యాయమే" అని ఉంది.

కడపలో జరగబోయే కాలేజీల చర్చా పోటీకి విషయం, యుద్ధంలో అణుబాంబు ప్రయోగించడం న్యాయమా, కాదా అని. ప్రతి కాలేజీ నుంచీ ఇద్దరు వెళ్ళాలి. ఒకరు అవునని, ఒకరు కాదని వాదించాలి. కాదనే చీటీ నా క్లాసులోని అబ్బాయికి పోయింది. వాడి ముఖం వెలిగిపోయింది. అహింస మీద మాట్లాడటానికి ఎవరికైనా నాలుగు మాటలు దొరుకుతాయి. బాంబు పక్షాన ఏం మాట్లాడాలి? అయినా నాకు సంబరంగానే ఉంది. క్లాసులో అమ్మాయిలం ముగ్గురమే. మాలో ఒకరిని కాలేజీ తరఫున ఇంకో ఊరికి పంపడం అదే మొదలు. చీటీలో ఏమున్నా సరే, నేను పోతున్నాను.

అప్పుడు ఆంధ్ర రాష్ట్రానికి మా కర్నూలే రాజధాని. సర్కారు కచేరీలు కొన్ని గుడారాల్లో నడిచేవి. అద్దె ఇల్లు దొరకడం గగనమైన ఆ రోజుల్లో చిన్నాయన ఇంట్లో ఉండి ఇంటర్ చదివేదాన్ని. చిన్నాయన నూనె మిల్లులో లారీ డ్రైవరు. పెద్ద యుద్ధంలో మిలిటరీ లారీ నడిపాడు. సింగపూరులో జపాను వాళ్ళకు పట్టుబడి మూడున్నరేళ్ళు ఖైదులో ఉన్నాడు. ఇంట్లో మాకు తెలిసింది అంతే. తిరిగొచ్చాక పెళ్ళి చేసుకున్నాడు, పిల్లలు పుట్టారు, ఆ సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు.

రెండు వారాలు లైబ్రరీలో పాత పేపర్లు తిరగేశాను. ఏది చదివినా నా పక్షానికి ఎదురే. ఎక్కడో సముద్రంలో కొత్త బాంబును పరీక్షిస్తే, దూరాన చేపలు పడుతున్న వాళ్ళ మీద బూడిద రాలి జబ్బు పడ్డారని కూడా రాశారు. నోటు పుస్తకంలో ఒక పేజీ కూడా నిండలేదు.

ఒక ఆదివారం పొద్దున మిద్దె మీద చిన్నాయన వేరుశనగ కాయలు ఎండబోస్తున్నాడు. నాకు ఉన్నట్టుండి తట్టింది.

"చిన్నాయనా, జపాను మీద బాంబు పడినప్పుడు నువ్వు యాడుంటివి?" అని అడిగాను.

ఆయన తలెత్తలేదు. కాయలు సర్దుతూనే చెప్పాడు. "దీవిలో. సింగపూరు నుంచి ఓడలో తోలకపోయి, విమానాలు దిగేదానికి నేల చదును చేయిస్తాండ్రి మాతో. దినానికి పిడికెడు అన్నం. నాతో పట్టుబడినోళ్ళు శానా మంది పోయినారు. ఇంగ రెండు నెలలుంటే నేనూ పోయింటాను. ఒక దినం పనికి పిలవలేదు. ఏందో కొత్త బాంబు పడిందంట, యుద్ధం అయిపోయిందంట అన్నారు."

"అయితే బాంబు వల్లనే బతికినావు గదా?"

"బతికినా" అన్నాడు.

అంతే. రెండేసి మెట్లు దిగి కిందికి పరుగెత్తాను. చిన్నమ్మ అన్నానికి పిలిచినా లేవకుండా ఒక్క ఊపున ఆరు పేజీలు రాశాను. ఎంతమంది ఎన్ని చదివొచ్చినా సరే, బాంబు వల్ల బతికిన మనిషి నా ఇంట్లో ఉన్నాడు. ఆ వారమంతా నేల మీద నడిచానో లేదో తెలియదు. నీళ్ళు తోడుతూ, జడ వేసుకుంటూ అవే వాక్యాలు వల్లించాను. చిన్నమ్మ విసుక్కుంది. "ఆ బాంబేదో తొందరగా ఏసి రాపో పాపా, ఇంట్లో మాకు చెవులు పోతాండాయి" అంది.

తెలుగు సారు, నా క్లాసు అబ్బాయి వస్తున్నా, ఇంటి మనిషి లేకుండా ఆడపిల్లను పంపరు కాబట్టి చిన్నాయన సెలవు పెట్టి తోడొచ్చాడు. కడపలో ఆ కాలేజీ హాలు కిక్కిరిసి ఉంది. కిటికీల్లో కూడా కూర్చున్నారు. వేదిక మీద మైకు. అంతవరకు నేను మైకు ముందు నిలబడలేదు. మొదటి మాట అనగానే నా గొంతే గోడలకు తగిలి నా దగ్గరికి పెద్దదై తిరిగొచ్చింది.

"యుద్ధం ఇంకో ఏడాది సాగి ఉంటే చచ్చేవాళ్ళ లెక్క ఎవరు చెప్పగలరు? రెండు ఊళ్ళ గురించి కన్నీళ్ళు పెడుతున్నాం, మంచిదే. ఆ రోజు చెరలో ఆకలితో చస్తున్న మన ఊళ్ళ బిడ్డల గురించి ఎవరు పెట్టారు? వాళ్ళలో ఒకరు మా చిన్నాయన. బాంబు పడింది, చెర తలుపు తెరుచుకుంది. ఆయన ఈ హాల్లోనే కూర్చున్నారు. ఆయన బతకడం అన్యాయమని ఎవరైనా ఆయన ముఖం చూసి చెప్పండి."

చప్పట్లు ఆగలేదు. వెనక బెంచీల వాళ్ళు లేచి చిన్నాయన ఎక్కడున్నాడా అని చూశారు. దిగి వస్తుంటే నా చెవులు వేడెక్కాయి. గెలిచానని నాకు తెలిసిపోయింది.

నా తర్వాత కడప విద్యార్థి ఒకడు లేచాడు. సన్నగా, కళ్ళద్దాలతో ఉన్నాడు. "బ్రహ్మాస్త్రాన్ని కూడా వెనక్కి పిలిచే మంత్రం ఉండేదంటారు, దీనికి అదీ లేదు" అని మొదలుపెట్టాడు. పసిపిల్లలను, ముసలివాళ్ళను శత్రువుల లెక్కలో ఎవరు వేశారని అడిగాడు. బాగానే మాట్లాడాడు. చివర కాగితం మడిచి జేబులో పెట్టుకుని అధ్యక్షుల వైపు తిరిగాడు. "అయ్యా, తమరు అనుమతిస్తే ఆ పెద్దాయననే ఒక మాట అడుగుతాను."

అధ్యక్షులు రిటైరైన జడ్జి. కొంచెం ఆలోచించి తల ఊపారు.

"పెద్దయ్యా, మీరు బతికి రావడం మాకందరికీ సంతోషం. ఆ బాంబు వేయడం న్యాయమేనా?"

చిన్నాయన లేచి నిలబడ్డాడు. హాలంతా ఆయన వైపు తిరిగింది. భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నా ప్రాణం దక్కింది. సంతోషమే. దేవుడు ముందర నిలబడి అడిగినా సంతోషమే అంటాను. అది న్యాయమని మాత్రం నాతో చెప్పించొద్దండి" అని కూర్చున్నాడు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అధ్యక్షులు తర్వాతి పేరు పిలిచారు. మొదటి బహుమతి ఆ కళ్ళద్దాల అబ్బాయికి వచ్చింది. నాకు రెండోది.

మర్నాడు పొద్దున బస్సులో చిన్నాయన పక్కన బిగుసుకుని కూర్చున్నాను. మైదుకూరు దాటాక ఆపుకోలేకపోయాను.

"నీ వల్లనే ఓడిపోతిని, చిన్నాయనా."

"నా వల్ల యాడ? ఆ పిల్లోడు నన్ను అడిగినాడు. నువ్వు అడిగితివా?"

"అడిగినా గదా మిద్దె మీద."

"యాడుంటివి అని అడిగితివి. బతికినావు గదా అని నువ్వే అంటివి. ఏమనుకుంటివని ఒక్క మాటన్నా అడిగితివా?"

సిగ్గుతో ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాను. మళ్ళీ ఆయన వైపు తిరిగి, "సరే, ఇప్పుడు అడుగుతాండా. ఏమనుకుంటివి?" అన్నాను.

ఆయన తువ్వాలు ఒళ్ళో మడుచుకుంటూ చెప్పాడు. "మా కాపలావాడు ఒకడు ఉండె. చిన్నోడు, నీకన్న రెండేండ్లు పెద్దోడేమో. నన్ను కట్టెతో కొట్టినోడే. యుద్ధం అయిపోయిన పొద్దు మేము ఎగుర్తాంటిమి, పాడుకుంటాంటిమి. వాడు షెడ్డు వెనకాల బూట్లు విప్పి పక్కన పెట్టుకొని కూచోనుండాడు. పొద్దు మునిగేదాకా ఆడనే. వానిది బాంబు పడిన ఊరే అన్నారు. ఇంట్లో ఎవరుండిరో నేను అడగలేదు. అడిగేదానికి భాష రాదు."

ముందు సీట్లో నిమ్మకాయల గంప ఒళ్ళో పెట్టుకున్న ఒకావిడ వెనక్కి తిరిగింది. "నిన్ను కొట్టినోని కోసరం బాధపడతాండావా?" అంది. "బాధ కాదుమా" అని చిన్నాయన మొదలుపెట్టేలోగా కండక్టరు అందుకున్నాడు. శత్రువు శత్రువేనన్నాడు. ముందు వైపు కూర్చున్న మా తెలుగు సారు వెనక్కి వచ్చి, కాదని నిలబడి మరీ వాదించారు. నా క్లాసు అబ్బాయి తన చీటీ మరచిపోయి బాంబు పక్షం పట్టాడు. నేనేమో ఆ కళ్ళద్దాల అబ్బాయి మాటలు పట్టుకుని వాడి మీద విరుచుకుపడ్డాను. ఆళ్ళగడ్డలో దిగాల్సిన నిమ్మకాయలావిడను కండక్టరు రెండుసార్లు పిలవాల్సి వచ్చింది. హాల్లో చప్పట్లు పడినప్పుడు కూడా నా ఒళ్ళు అంతగా పులకరించలేదు. నంద్యాల వచ్చేసరికి నా గొంతు బొంగురుపోయింది.

సాయంత్రం ఇల్లు చేరేసరికి చిన్నమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది. "ఏమొచ్చింది?" అని నన్ను అడిగింది. రెండో బహుమతి అని గబగబా చెప్పి, చిన్నాయన హాల్లో లేచి నిలబడిన సంగతి, దీవి సంగతి, బూట్లు విప్పి కూర్చున్న కుర్రాడి సంగతి ఒకదాని మీద ఒకటి చెప్పేశాను. చిన్నమ్మ నా మాట మధ్యలోనే ఆయన వైపు చూసింది. ఆయన కాళ్ళు కడుక్కుంటున్నాడు.

"అన్నం పెడతావా?" అన్నాడు.

"పెడతాలే" అని చిన్నమ్మ పీట వాల్చింది. దాని మీద ఆయన కూర్చున్నాక ఎదురుగా తనూ నేల మీద చతికిలబడింది.

"పాప కాదు, నువ్వు చెప్పు. ఓడ ఎక్కినకాడ నుంచి."