మాత్ర లేకుండా ఎక్కిన విమానం

ఆరేళ్లపాటు చొక్కా జేబులో ఒక మాత్రల అట్ట లేకుండా నేను ఇంటి గడప దాటలేదు, సహోదరులారా. గుడికి వచ్చినా ఆ అట్ట జేబులోనే ఉండేది, ప్రార్థనలో మోకరించినా ఒక చేయి దాని మీదే ఉండేది, పక్కన మోకరించిన నా భార్యకు కూడా ఆ సంగతి తెలియదు. ఈ రోజు మీ ముందు ఇది చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు, ఎందుకంటే ఆ సిగ్గే నన్ను ఆరేళ్లు కట్టి పడేసింది.

నా పేరు మునిరత్నం, మాది ధర్మపురి జిల్లా ఏ. పళ్లిపట్టి. ఇంట్లో మాట తెలుగే గాని బడిలో చదివింది తమిళం, తెలుగు అక్షరాలు నాకు రావు. అందుకని నేను చెబుతుంటే మా పాస్టరు అయ్యగారి కూతురు కూర్చుని రాస్తోంది. మంచి తెలుగు కనబడితే అది ఆ బిడ్డది, జరిగింది మాత్రం నాది.

నేను లారీ డ్రైవరును. ఇరవై మూడేళ్లు లారీ నడిపాను, పాలకోడు టమాటా సంతనుంచి సేలం, కోయంబత్తూరు, కొచ్చి దాకా నేను తొక్కని దారి లేదు. ఒక రోజు మధ్యాహ్నం తొప్పూరు కనుమ దిగుతుంటే నా బండికి బ్రేకు పట్టలేదు. ముందు ఒక కారు, అందులో వెనక అద్దంలోంచి ఇద్దరు పిల్లలు నా వైపు చూస్తూ ఉన్నారు. నేను ఎడమవైపు గట్టుకేసి బండిని రాపాడించాను, రేకు చిరిగింది, టమాటాలన్నీ రోడ్డు మీద పారాయి, బండి ఆగింది. ఆ పిల్లలకు ఏమీ కాలేదు, నాకు మోచేయి కాస్త గీసుకుంది, అంతే! అందరూ అదృష్టవంతుడివి అన్నారు. కానీ నా ఒళ్లు ఇంటికి వచ్చింది గాని నా గుండె ఆ కనుమలోనే ఆగిపోయింది. బస్సు ఎక్కితే చెమట, తలుపు మూస్తే ఊపిరాడదు, కళ్లు మూస్తే ఆ వెనక అద్దం. ఒక డాక్టరు నెల రోజులు వేసుకోమని చిన్న మాత్ర రాశారు, నెల తర్వాత మళ్లీ రమ్మన్నారు. నేను మళ్లీ పోలేదు. ఆ మాత్ర వేసుకుంటే అరగంటలో లోపలి గోల అణిగిపోయేది, డాక్టరు చీటీ అడగకుండా ఇచ్చే మందుల కొట్టు ఒకటి దొరికింది, నెల కాస్తా ఆరేళ్లయింది. లారీ వదిలేసి సంతలో టమాటా పెట్టెలు ఎక్కించే పనివాళ్లకు మేస్త్రీగా చేరాను. ఒకటి రెండయింది, రెండు మూడయింది. మాత్ర లేటయితే చేతులు వణికేవి, మాత్ర వేసుకుంటే ఇంట్లో వాళ్లు మాట్లాడేది దూరంగా ఎక్కడినుంచో వినబడేది.

పోయిన సంవత్సరం ఉపవాస కూడికల్లో నాకు నా మీదే రోషం వచ్చింది. దేవుణ్ని నమ్మినవాడికి ఈ మాత్రలెందుకు అనుకున్నాను. అలా చేయమని పాస్టరు అయ్యగారు చెప్పలేదు, ఎవరూ చెప్పలేదు, నా అంతట నేనే ఇంటికి పోయి అన్ని అట్టలూ మా పొలం బావిలో పడేశాను. గొప్ప విశ్వాసం చూపించాననుకున్నాను, సహోదరులారా! మూడో రోజు పాలకోడు సంతలో, జనం మధ్యలో, నేను కొయ్యలా బిగుసుకుపోయి కింద పడి కొట్టుకున్నాను. నాకు తెలివి వచ్చేసరికి ధర్మపురి ఆసుపత్రిలో ఉన్నాను, నాలుక కరుచుకుని నోరంతా వాచిపోయి ఉంది.

అక్కడి డాక్టరమ్మ ఏం మందులు వాడుతున్నావని అడిగింది. నా భార్య గ్రేసమ్మ పక్కనే నిలబడి, ఈయనకు ఏ మందూ లేదమ్మా అంది. అప్పుడు నేను నోరు తెరిచి, ఉన్నాయి, ఆరేళ్లుగా ఉన్నాయి అన్నాను. గ్రేసమ్మ నా మంచం పక్కన కూర్చుంది. తర్వాత మెల్లగా అంది:

"ఆరేండ్లు ఒకే ఇంట్లో ఉండి, ఒకే కంచంలో తిని, నాతో చెప్పకుండా ఎట్ల ఉండినారు?"

తిట్టినా బాగుండేది.

డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. ఇలాంటి మాత్రను ఒక్కసారిగా ఆపితే ప్రాణానికే ముప్పు, మెట్టు మెట్టుగా దిగాలి, నెలలు పడుతుంది, నువ్వు ఒక్కడివే చేయకూడదు అని చెప్పింది. నేను ఆసుపత్రినుంచి నేరుగా పాస్టరు అయ్యగారి దగ్గరకు పోయి, దేవుడు నన్ను విడిపించలేదు అయ్యా, నా విశ్వాసం చాలలేదు అని ఏడ్చాను. ఆయన నా భుజం మీద చేయి వేసి చెప్పిన మాట నేను చచ్చేదాకా మరిచిపోను.

"మునిరత్నం, దేవుడు నిన్ను దూకమని చెప్పలేదు. దిగి రమ్మన్నాడు. దిగేదానికి ఆ డాక్టరమ్మను తోడిచ్చినాడు. పొయ్యి ఆమె చెప్పినట్ల చెయ్యి, మేము ప్రార్థన చేస్తా ఉంటాము."

అలా ఎనిమిది నెలలు. మాత్రలు గ్రేసమ్మ బియ్యం డబ్బాలో దాచేది, డాక్టరమ్మ రాసిచ్చిన లెక్క ప్రకారం బ్లేడుతో సగానికి, తర్వాత పావుకు కోసి నా చేతిలో పెట్టేది. తగ్గించిన ప్రతిసారీ కొన్ని రోజులు నరకమే. చెవుల్లో ఈగలు తిరిగినట్లు మోత, వెలుతురు కళ్లలో గుచ్చుకునేది, నడుస్తుంటే నేల ఊగేది. సంఘంలో సహోదరీలు వంతులు వేసుకుని మా ఇంటికి వచ్చి ప్రార్థించేవారు. ఆఖరి పావు వేసుకున్న రోజు గ్రేసమ్మ పాయసం చేసింది. ఇక అయిపోయిందనుకున్నాను, కానీ డాక్టరమ్మ ముందే చెప్పింది, ఆపిన తర్వాత కూడా కొన్నాళ్లు ఆ భయం అలలు వచ్చినట్లు వస్తుంది, వచ్చి పోతుంది, భయపడవద్దు అని.

ఆపిన ఇరవై నాలుగో రోజున ఫోను వచ్చింది.

నాకు ఒక్కడే తమ్ముడు, గోవిందరాజు. బోరు బండిలో పనిచేస్తాడు, మన పక్కనుంచి చాలామంది పోయినట్లే వాడూ దేశమంతా తిరిగి బోర్లు వేస్తాడు. రాయపూర్ దగ్గర పని జరుగుతుంటే వాడి పాదం మీద ఇనుప పైపు పడిందట. వాడికి చక్కెర జబ్బు ఉంది, పుండు చీము పట్టి విషం పైకెక్కుతోంది, పాదం తీసేయకపోతే ప్రాణం దక్కదని డాక్టర్లు అంటున్నారు, వీడేమో రెండు రోజులుగా మొండికేసి, మా అన్న వస్తే తప్ప సంతకం పెట్టను, నన్ను ముట్టుకోవద్దు అంటున్నాడు. రైల్లో పోతే దాదాపు రెండు రోజులు. అంత టైము లేదని డాక్టర్లు అన్నారట. బోరు బండి యజమాని మరుసటి రోజు మధ్యాహ్నానికి బెంగుళూరునుంచి విమానం టికెట్టు తీసి నా ఫోనుకు పంపాడు.

బస్సులో కిటికీ పక్కన కూర్చోవడానికే వణికేవాణ్ని. అలాంటి నన్ను, తలుపు మూసేస్తే మధ్యలో దిగడానికి వీల్లేని దానిలో ఎక్కమంటున్నారు! డాక్టరమ్మకు ఫోను చేశాను. ఆమె పోవచ్చు అంది, కాఫీ తాగవద్దు, ఖాళీ కడుపుతో ఉండవద్దు, ఊపిరి మెల్లగా వదలడం మీద మనసు పెట్టు, విమానంలో పనిచేసేవాళ్లకు ముందే చెప్పు అని, ఆ సాయంత్రమే ఆసుపత్రికి పిలిచి నా సంగతి ఒక కాగితం మీద రాసిచ్చింది.

పొద్దున ధర్మపురి బస్టాండులో బెంగుళూరు బస్సుకోసం నిలబడ్డాను. ఎదురుగా మందుల కొట్టు తెరిచి ఉంది, అది నా పాత కొట్టే. నా కాళ్లు అటు నడిచాయి, సహోదరులారా, నేను దాచకుండా చెబుతున్నాను. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, ఈ ప్రయాణానికి మాత్రమే అని మనసు చెప్పింది. కొట్టువాడు నన్ను గుర్తుపట్టి నవ్వాడు కూడా. ఆ మెట్ల దగ్గర నిలబడి నేను చేసిన ప్రార్థన ఇంతే: "ప్రభువా, నేను లోపలికి పోతాను. నాకు ఆగడం చేతకావడం లేదు. నువ్వే ఆపు." అప్పుడు ఆకాశంనుంచి స్వరం ఏమీ రాలేదు. జేబులో ఫోను మోగింది. గ్రేసమ్మ. ఇడ్లీ తిన్నారా అని అడిగింది. నేను ఎక్కడ నిలబడి ఉన్నానో చెప్పేశాను. ఆరేళ్లలో మొదటిసారి, అడగకుండానే చెప్పాను. ఆమె ఫోను పెట్టకుండా, నేను వెనక్కి తిరిగి బస్సు ఎక్కి సీట్లో కూర్చునేదాకా మాట్లాడుతూనే ఉంది, కోడి గుడ్లు పొదుగుతున్న సంగతి, పక్కింటి గొడవ, ఏదో ఒకటి. దేవునికి స్తోత్రం! ఆయన నన్ను ఆపింది అలా.

విమానాశ్రయంలో బెల్టు తీసి పళ్లెంలో పెట్టమంటే సంచి పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అక్కడి జవాను హిందీలో ఏదో అడిగాడు, నాకు అర్థం కాలేదు, డాక్టరమ్మ కాగితం చూపించాను, అతను చదివి తనే నా సంచి ఎత్తి పెట్టాడు. విమానంలో ఎక్కగానే, చెప్పినట్లే, అక్కడి అమ్మాయితో తమిళంలో నాకు చాలా భయమమ్మా, భయానికి వేసుకునే మాత్రలు మానేసి నెల కూడా కాలేదు అన్నాను. అంత పెద్ద మాట బయటి మనిషితో అనడం అదే మొదలు. ఆ బిడ్డ ముఖం చిట్లించలేదు. నన్ను నడవ పక్క సీటుకు మార్చి, నీళ్లిచ్చి, మీరేం పని చేస్తారని అడిగింది. లారీ డ్రైవరునన్నాను. అయితే మీకు బండి సంగతి తెలుసు కదా, ఏ చప్పుడు ఎందుకు వస్తుందో నేను ముందే చెబుతాను అంది.

తలుపు మూశారు. అప్పుడు వచ్చింది. తొప్పూరు కనుమ మొత్తం నా గుండెల మీదికి దిగింది. చెవుల్లో మోత, చేతులు తిమ్మిరి, లేచి తలుపు బాదుదామనిపించింది. ఇరవై మూడేళ్లు స్టీరింగు నా చేతిలో ఉంది, కాళ్ల కింద బ్రేకు ఉంది, ఇక్కడ నా చేతిలో ఏమీ లేదు. కళ్లు మూసుకుని, "ప్రభువా, భయం తీసెయ్యమని అడగను. దిగేదాకా నన్ను పట్టుకో, అంతే చాలు" అన్నాను. ఊపిరి మెల్లగా వదిలాను. బండి లేచింది, కింద దడదడమని ఏదో చప్పుడైంది, ఆ అమ్మాయి తన సీట్లోనుంచే నా వైపు చూసి చేతితో సైగ చేసింది, చక్రాలు లోపలికి ముడుచుకుంటున్నాయని. నాకు నవ్వు వచ్చింది! అంత భయంలో నవ్వు!

భయం పోయిందని నేను చెప్పను, దేవుని ఎదుట అబద్ధం ఆడను. రాయపూర్ చేరేలోపు అది మూడుసార్లు వచ్చింది. డాక్టరమ్మ చెప్పినట్లే పైకి లేచింది, కాసేపు నిలబడింది, దానంతట అదే కూర్చుంది. మూడోసారి వచ్చినప్పుడు నేను దానికి అంతగా అదరలేదు. నేల తగిలినప్పుడు నా చొక్కా తడిసి ముద్దయి ఉంది, కానీ నేను దిగాను, నా కాళ్ల మీద నేను నడిచి దిగాను!

ఆసుపత్రిలో గోవిందరాజు జ్వరంతో కాలిపోతున్నాడు. నన్ను చూడగానే ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

"అన్నా, నువ్వూ వాళ్ల మాటే చెప్పేదానికి వచ్చినట్లుంటే పొయ్యేయ్. నేను ఒప్పుకోను. కాలు లేకుండా నేనేం చేసేది?"

నేను బుద్ధులు చెప్పలేదు. వాడి మంచం అంచున కూర్చుని నా రెండు చేతులూ వాడి ముందు పెట్టాను. అవి ఇంకా వణుకుతూనే ఉన్నాయి.

"ఇది చూడురా. తొప్పూరులో బండి తగిలినాక ఆరేండ్లు నేను మాత్ర లేకుండా నిద్రపోలేదు. నీతో చెప్పలేదు. చిన్నప్పటినించి నన్ను ధైర్యం కలవాడని అనుకుంటా ఉండావే, అందుకే చెప్పలేదు. ఈ పొద్దు ఆ మాత్ర లేకుండా విమానంలో వచ్చినాను. భయం పోయినాక పోదామని కూర్చోనుంటే నేను నిన్ను చూసేవాణ్ని కాదు."

వాడు ముఖం ఇటు తిప్పి నా చేతులకేసి చూశాడు. తర్వాత, నువ్వా అన్నా, అన్నాడు. నేనేరా, అన్నాను. అప్పుడు అడిగాడు:

"లోపలికి తీసకపొయ్యేదాకా చెయ్యి పట్టుకోనుంటావా?"

"పట్టుకోనుంటాను."

వాడు సంతకం పెట్టాడు. నేను ఆ తలుపు దాకా చేయి పట్టుకునే నడిచాను, బయట బెంచీ మీద మూడు గంటలు కూర్చున్నాను, నా జీవితంలో అంత గట్టిగా ఎప్పుడూ ప్రార్థించలేదు. డాక్టరు బయటికి వచ్చి, చీలమండ దాకా తీశాము, మోకాలు దక్కింది, ప్రాణం దక్కింది, ఇంకో రోజు ఆగి ఉంటే రెండూ దక్కేవి కావు అని చెప్పినప్పుడు నేను ఆ నేల మీదే మోకరించాను. దేవునికే మహిమ!

ఇరవై రోజుల తర్వాత వాణ్ని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టుకుని మళ్లీ విమానంలోనే తీసుకొచ్చాను. ఈసారి ఏమైందో తెలుసా? నేను నిద్రపోయాను! విమానం లేవకముందే, తమ్ముడి భుజం మీద తల వాల్చి, నోరు తెరుచుకుని, ఏ మాత్రా లేకుండా నిద్రపోయాను. అన్నా, లే, బెంగుళూరు వచ్చింది అని వాడు తట్టి లేపాడు. ఆరేళ్లు నేను కొట్టులో కొనుక్కున్నది నిద్ర కాదని ఆ రోజు తెలిసింది.

గోవిందరాజుకు ఇప్పుడు కట్టుడు పాదం అమర్చారు. హరూర్‌లో బోరు మోటార్లు బాగుచేసే చిన్న షెడ్డు పెట్టుకున్నాడు, తన బండి తనే నడుపుతున్నాడు. వాడింకా మన విశ్వాసంలోకి రాలేదు, నేను తొందరపెట్టను, మొన్నటి ఆదివారం మాత్రం వచ్చి వెనక వరుసలో కూర్చున్నాడు, ఎందుకొచ్చావురా అంటే నిన్ను చూసేదానికి వచ్చినాను అన్నాడు. నాకు అది చాలు. నాకు ఇప్పటికీ ఒక్కోసారి ఆ అల వస్తుంది, మునుపటంత పెద్దది కాదు, వస్తే గ్రేసమ్మతో చెబుతాను, ఇద్దరం కూర్చుని ప్రార్థిస్తాము, అది పోతుంది.

సహోదరులారా, సహోదరీలారా, నాతోపాటు ప్రార్థించిన మీ అందరికీ, ఆ డాక్టరమ్మకు, పేరు కూడా తెలియని ఆ విమానంలోని బిడ్డకు నేను రుణపడి ఉన్నాను, వాళ్లందరినీ నా దారిలో నిలబెట్టిన దేవునికి స్తుతులు. ఇది చదువుతున్నవాళ్లలో నాలాగా లోపల వణుకుతూ పైకి నవ్వుతున్నవారు ఎవరైనా ఉంటే, మీకు నా మనవి ఒక్కటే. ఒంటరిగా దూకవద్దు. మాత్రలు బావిలో పడేయవద్దు, డాక్టరు దగ్గరకు పోండి. ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి. వణుకుతున్న చేతుల్నే ప్రభువు ముందు చాపండి, వణుకు ఆగేదాకా ఆయన వేచి ఉండడు, అప్పుడే పట్టుకుంటాడు. నన్ను పట్టుకున్నాడు. ఆమెన్.