పోపు లేని ఇంట్లో బాబ్కా

అమెరికాలో, బాతెల్ అనే ఊళ్ళో మా అబ్బాయి ఇంటికి నేను వచ్చిందే వండిపెట్టడానికి. కోడలికి రెండో నెల. వేవిళ్ళంటే అలా ఇలా కాదు, మంచినీళ్ళు తాగినా వాంతే. క్రితంసారి కడుపు మూడో నెల దాటకుండానే పోయింది. అందుకని ఇంట్లో ముగ్గురం ఆ మాట ఎత్తకుండా, అదే తలుచుకుంటూ తిరిగేవాళ్ళం. ఆదివారం తెలుగు చర్చిలో ప్రార్థన చేయిద్దామంటే, "ఇప్పుడే ఎవరికీ చెప్పొద్దు అత్తయ్యా" అంది. సరేనని నోరు కట్టేసుకున్నాను. నా నోటి సంగతి తెలిసినవాళ్ళకి అదెంత కష్టమో తెలుస్తుంది.

నోరు కట్టేసుకోవచ్చు, చెయ్యి ఊరుకోదు కదా. నిమ్మకాయ పులిహోర, అల్లం వేసిన చారు, పప్పు, ఏది చేసినా వేడివేడిగా తెచ్చి ముందు పెట్టేదాన్ని. ఆవాలు చిటపటమనగానే ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బాత్‌రూమ్‌కి పరిగెత్తేది. చివరికి మావాడు, "కొన్నాళ్ళు పోపు ఆపెయ్యమ్మా, ఆ స్మెల్ తను హ్యాండిల్ చేయలేకపోతోంది" అన్నాడు. పోపు లేకుండా వంటేమిటి, నా మొహం. అయినా ఆపేశాను. కోడలి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. చెప్పొద్దూ, నాకు చాలా భయం వేసింది.

ఒక శనివారం మావాడితో సూపర్‌మార్కెట్‌కి వెళ్ళాను. బ్రెడ్ల దగ్గర ఒక డబ్బాలో మెలికలు తిరిగిన రొట్టె కనబడింది. ఆ మడతలు చూస్తే మా గోదావరి వైపు మడత కాజా గుర్తొచ్చింది.

"ఏమిట్రా ఇది?"

"చాక్లెట్ బాబ్కా. బ్రెడ్డేనమ్మా, మధ్యలో చాక్లెట్ పూసి మెలిపెట్టి బేక్ చేస్తారు. నేనెప్పుడూ ట్రై చేయలేదు."

"అయితే ఇప్పుడు చేద్దాం, కార్ట్‌లో వెయ్యి."

ఇంటికొచ్చి నేను చేసిన నిర్వాకం వినండి. మా ఇళ్ళల్లో చల్లారింది పెట్టామంటే ఆ మనిషిని పట్టించుకోనట్టే లెక్క. అందుకని ముక్క కోసి మైక్రోవేవ్‌లో పెట్టాను. చాక్లెట్ కరిగి, వాసన ఇల్లంతా కమ్ముకుంది. నాకైతే నోరూరింది. కోడలు సోఫాలోంచి లేచి ఒకటే పరుగు.

ఆ ముక్క కోపంతో నేనే తినేశాను. తీపి కాస్త ఎక్కువ. పైన గట్టిగా ఉంది, లోపల మెత్తగా తడితడిగా ఉంది. కాజాకి సాటి రాదుగానీ పారేసేదీ కాదు. మిగిలింది డబ్బాలో కుక్కి ఫ్రిజ్‌లోకి తోసేశాను.

మర్నాడు పొద్దున్న వంటింట్లోకి వెళ్తే, కోడలు ఫ్రిజ్ తలుపు తెరుచుకుని అక్కడే నిలబడి ఉంది. చాకు లేదు, పళ్ళెం లేదు. బాబ్కాని పొరలు పొరలుగా ఊడదీసి నోట్లో పెట్టుకుంటోంది. నన్ను చూసి ఆగిపోయింది.

"తినమ్మా, తిను," అన్నాను గుమ్మంలోంచే. దగ్గరికి వెళ్తే ఎక్కడ మానేస్తుందోనని కదల్లేదు.

"చల్లగా ఉంటే స్మెల్ రావట్లేదు అత్తయ్యా. లోపలికి వెళ్ళిపోతోంది."

పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా. ఇన్నేళ్ళ నా చేతివంట ఓడిపోయి, ఎవరో డబ్బాలో పెట్టి అమ్మిన రొట్టె గెలిచింది. ఉక్రోషం వచ్చిన మాట నిజం. కానీ ఆ పిల్ల బాత్‌రూమ్ వైపు పోకుండా కుర్చీ లాక్కుని కూర్చుంది. కాసేపటికి ఇంకో ముక్క తీసుకుంది. నా ఉక్రోషం ఎక్కడికి పోయిందో నాకే తెలియదు.

ఆ రోజు నుంచి నేను వేడి మానేశాను. కోడలు లేవకముందే కిటికీలు తెరుచుకుని, శాలువా కప్పుకుని, వానగాలిలో వంట కానిచ్చేదాన్ని. పెరుగన్నమైనా, ఉడికిన బంగాళాదుంపైనా చల్లబరిచి ఫ్రిజ్‌లో పెట్టేదాన్ని. పొద్దున పూట మాత్రం బాబ్కాయే. అయిపోతే మావాడు ఆఫీస్ నుంచి వస్తూ ఇంకోటి తెచ్చేవాడు. క్రితంసారి కడుపు పోయిన వారం రానే వచ్చింది. ఆ వారం దాటింది.

తర్వాత ఒక సాయంత్రం పోపు లేని చారు కాస్తుంటే కోడలు వచ్చి స్టవ్ పక్కన నిలబడింది.

"అత్తయ్యా, పోపు పెట్టండి."

"ఎందుకులేమ్మా, మళ్ళీ..."

"పెట్టండి, చూద్దాం."

నూనె కాగాక ఆవాలు, ఎండుమిరపకాయ, ఇంగువ, నాలుగు కరివేపాకులు వేశాను. నా చూపు బాణలి మీద లేదు, ఆ పిల్ల మొహం మీదే ఉంది. గట్టిగా ఊపిరి పీల్చింది. అక్కడే నిలబడింది.

"కరివేపాకు ఇంకొంచెం వేయండి," అంది.

ఈలోగా ఆవాలు మాడిపోయాయి. ఆ మాడు చారే ముగ్గురం కూర్చుని అన్నంలో పోసుకుని తిన్నాం. నా పేరు చెడిపోయినా నాకేం బాధ అనిపించలేదు.

ఆదివారం చర్చిలో, ప్రార్థన మనవులు ఎవరికైనా ఉన్నాయా అని పాస్టరుగారు అడిగారు. మాట ఇచ్చాను కాబట్టి నేను నోరు కట్టేసుకునే కూర్చున్నాను. నా పక్కన కోడలే లేచి నిలబడింది.