వస్తున్నానని చెప్పిన అధికారి

నెక్కొండలో రైలెక్కి నా ఎదుట కూర్చున్న పెద్దమనిషి వరుసగా మూడు బడుల హెడ్మాస్టర్లకు ఫోన్ చేశాడు. ముగ్గురికీ ఒకే మాట చెప్పాడు: "ఇయ్యాల మీ బడికే వస్తున్న." రైలు మాత్రం కాజీపేట వైపు పోతోంది.

ఆయన ఎంఈఓ, అంటే మండల విద్యాధికారి అనీ, అవి ఏ ఊళ్ల బడులో కూడా ఆ మాటల్లోనే తెలిసింది. కాలేజీ చర్చావేదికలకు అలవాటుపడిన నా నోరు ఊరుకోలేదు.

"తనిఖీ సంగతి ముందే చెప్పడం తప్పు కదా సార్? పైగా మీరు వెళ్లడమే లేదు."

ఆయన నవ్వాడు. "నా మండలం గాక ఇంకో మూడు మండలాలు నాకే అంటగట్టిండ్రు బిడ్డా. అన్నిటికీ యాడ తిరగాలె? వస్తున్ననంటే ఆ ఒక్కరోజన్న సార్లు టైముకొస్తరు, పిల్లల పళ్లెంల గుడ్డు పడ్తది."

బద్ధకానికి బాధ్యత అని పేరు పెడుతున్నాడేమోననిపించింది. "మీరు రారని వాళ్లకు తెలిస్తే?"

ఆయన నవ్వు ఆగింది. "మీ ఇంట్ల టీచర్లెవరన్న ఉన్నరా?"

"మా అక్క. మీరు మొదట ఫోన్ చేసిన బడిలోనే."

కాజీపేటలో దిగబోతూ ఆయన, "జర అక్కకు చెప్పకు," అన్నాడు. నేను మాటివ్వలేదు.

మొన్న అక్క టిఫిన్ కూడా తినకుండా చెప్పులు వేసుకుంటోంది. "ఎంఈఓ సార్ వస్తాండట. లేటయితే పరువు పోతది," అంది.

ఆయన రాడనే నా అనుమానం. అయినా స్కూటీ తాళం వెతికి తెచ్చి ఆమె చేతిలో పెట్టాను.