రాగి సీసాతో తిరుపతి దాకా

నగరి నుంచి తిరుపతికి బస్సులో రెండు గంటల లోపే. ఆడవాళ్ళం ఆధార్ చూపిస్తే జీరో టికెట్. ఆరున్నర బస్సు ఎక్కితే ఆస్పత్రిలో ఓపీ చీటీ త్వరగా దొరుకుతుంది. తర్వాతి బస్సు ఎక్కితే ఆ పూటంతా క్యూలోనే. మాలాగా ఈ రాగి జబ్బుకి తిరిగేవాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను.

మా పెద్దోడు మురళికి పోయినేడు చేతులు వణకడం మొదలైంది. మరమగ్గాల షెడ్డులో దారం తెగితే ముడి వేయలేకపోయేవాడు. మాట ముద్దగా వచ్చేది. కొందరు దిష్టి అన్నారు, కొందరు తాగుడన్నారు, వాళ్ళ నోరు పడిపోను! చివరికి తిరుపతి డాక్టరమ్మ అసలు సంగతి చెప్పింది. తిండిలో వచ్చే రాగి ఒంటికి కొంచెమే చాలు. మిగిలినదాన్ని కాలేయం కణాల్లోంచి పైత్యరసంలోకి పంపే ప్రోటీన్ ఒకటి ఉంటుందట. మురళికి అది పని చేయదు. రాగి కాలేయంలో పేరుకుపోయి, అక్కడ నిండాక మెదడుకీ కళ్ళకీ చేరింది. తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ చెడిన జన్యువు వస్తేనే ఈ జబ్బు. నేను కట్టుకున్నది నా మేనమామనే.

"చెల్లెలికీ చూడాల," అంది డాక్టరమ్మ.

చెల్లెలంటే గౌరి, పదో తరగతి. పోయిన వారం రక్తమూ, ఒక రోజంతా పట్టిన మూత్రమూ ఇచ్చి వచ్చాం. ఈరోజు ఫలితం.

పుత్తూరు దాటాక గౌరి దాహమని సంచిలోంచి సీసా తీసింది. చూస్తే రాగిది! మా అత్త, అంటే నా సొంత అమ్మమ్మే, ఎంత వద్దన్నా వినకుండా నింపి పెట్టింది. లాక్కుని కిటికీలోంచి కుమ్మరించేశాను.

పక్క సీటు పెద్దాయన ఊరుకోలేదు. "ఏందిమ్మా, రాగి నీళ్ళు పారబోస్తాండావు? ఒంటికి ఎంత మంచిది!"

"మీ ఒంటికి మంచిదే. నా బిడ్డ ఒంట్లో అది బయటికి పోయే దారి ఉండాదో లేదో ఈరోజు తెలుస్తాది," అని కసిరాను.

ఆయన వడమాలపేటలో దిగుతూ తన ప్లాస్టిక్ నీళ్ళ సీసా గౌరి చేతిలో పెట్టాడు. కసిరినందుకు సిగ్గేసింది.

ఆస్పత్రిలో ముందు కళ్ళ పరీక్ష. మురళికి నల్లగుడ్డు చుట్టూ గోధుమరంగు వలయం కనబడింది ఇక్కడే. డాక్టరమ్మ గౌరి కుడి కన్ను చూసింది. ఎడమ కన్ను చూసింది. మళ్ళీ కుడి కన్ను.

"వలయం లేదు," అంది.

చేతులెత్తి దండం పెట్టబోయాను.

"ఉండమ్మా. రక్తంలో, మూత్రంలో తేడా ఉండాది. పాపకీ అదే జబ్బు. కాకపోతే కాలేయం ఇంకా చెడలేదు. జింకు మాత్రలు వేసుకుంటే రాగిని పేగులోనే ఆపుతాయి. జన్మంతా మానకూడదు. మానకుంటే అందరి మాదిరే ఉంటాది."

మధ్యాహ్నం బస్టాండు ఎదుట దోసెలు తిన్నాం. చెనిక్కాయల చట్నీలోనూ రాగి ఉంటుందని డాక్టరమ్మ అన్నకి చెప్పిన మాట గుర్తుంది కాబోలు, గౌరి గిన్నె పక్కకి జరిపింది.

రెండున్నర బస్సు. కిటికీ వైపు తిరిగి ఎంత దాచుకున్నా ఏడుపు ఆగలేదు. ఒక బిడ్డకి ఈ జబ్బు బయటపడితే మిగతా బిడ్డలకీ వెంటనే చూపించండి, ఆలస్యం చేయొద్దు.

"ఏడవద్దు మా. నాకు ముదరకముందే తెలిసిపోయింది కదా," అంది గౌరి.

"నీ అదృష్టం, తల్లీ."

"అదృష్టం ఏంది? అన్నకి వచ్చింది కాబట్టి నాకు చూసినారు. అన్నకి ముందు ఎవరుండారు?"

నగరిలో మురళి బస్టాండులోనే నిలబడి ఉన్నాడు. గౌరి నాకంటే ముందు దిగి, వణికే వాడి చెయ్యి పట్టుకుని ఇంటి దాకా నడిచింది.