సైలెన్సర్ మీది రేకు

ఈ మధ్య దిల్‌సుఖ్‌నగర్‌లో చాయ్ కప్పులు మరీ చిన్నవైపోయాయి. రెండు గుక్కలకే అడుగు కనిపిస్తుంది. మనసులో మాట చెప్పుకుందామని ఎవరినైనా చాయ్‌కి పిలిస్తే, నేను గొంతు సవరించుకునేలోపే వాళ్లు లేచి నిలబడుతున్నారు. ఆరేళ్లుగా నేను చెప్పలేకపోయిన సంగతికి తప్పంతా కప్పుదే అనను. కొంత నాది కూడా ఉంది.

మీరు నన్నెరగరు. అందుకే మీకు చెబుతున్నాను. ఒక మనిషికి తన చేతుల మీదున్న నమ్మకాన్ని నేను ఒక్క జోకుతో తీసేశాను. ఆ జోకుకి అందరూ నవ్వారు. అది అప్పటినుంచీ నా గుండెల మీదే కూర్చుని ఉంది.

మా మామగారిది పాత కారు. గుంటూరు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడ్డ మనిషి ఆయన. కారును ఎల్బీనగర్‌లోని ఒక షెడ్డులో పనిచేసే యోహాను అనే మెకానిక్‌కి తప్ప ఎవరికీ చూపించేవారు కాదు. ఒకసారి ఆ కారు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా గలగలమనడం మొదలుపెట్టింది. కదిలితే శబ్దం మాయం. మెకానికల్ ఇంజనీరింగ్ చదివిన అల్లుణ్ని కదా, ఇంజన్‌ను కింద పట్టి ఉంచే మౌంటింగులు పోయాయని తేల్చేశాను. యోహాను ఇంజన్ ఆపకుండా, పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను దాని మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఇందులో ఏమీ లేదన్నాడు. బండి కిందికి దూరాడు. సైలెన్సర్ వేడి పైకి తగలకుండా అడ్డం ఉండే రేకు వదులైందట. కొత్త బోల్టులు వేసి బిగించి, బిగించినట్టు గుర్తుగా ఒక్కోదాని మీద తెల్ల పెయింటు చుక్క పెట్టాడు. అది ఆయన పద్ధతి. చుక్క పెట్టందే బండి కింద నుంచి బయటికి రాడు.

"చదువు కనిపెట్టలేనిది చెవి కనిపెట్టింది, అల్లుడుగారూ," అన్నారు మామగారు. సరదాకే అన్నారు. నేనూ నవ్వాను. నలుగురినీ నవ్వించడమే నా ఉద్యోగమన్నట్టు బతికేవాణ్ని. నా మీద పడ్డ జోకును మాత్రం మరిచిపోయేవాణ్ని కాదు.

నెల తిరక్కుండా మళ్లీ ఏదో గలగల. ఈసారి నేనే కనిపెట్టాలి అనుకున్నాను. మామగారు ఊళ్లో లేని ఒక ఆదివారం పొద్దున, ఫోన్‌లో వీడియో పెట్టుకుని బండి కిందికి దూరి రేకు విప్పాను. తిరిగి బిగిస్తుంటే రెండు బోల్టులు వంకరగా ఎక్కి మరలు పాడైపోయాయి. అలాంటివే కొందామని ఆ రెండింటినీ ఆఫీసు బ్యాగులో వేసుకుని, అప్పటికి రేకును బైండింగ్ వైరుతో కట్టేశాను. శబ్దం డోరు అరలో ఉన్న స్టీలు గ్లాసుదని సాయంత్రానికి తెలిసింది. నాలుగేళ్ల ఇంజనీరింగ్ నన్ను ఆ గ్లాసు దాకా తీసుకెళ్లింది.

వైరు సంగతి మామగారికి ఎందుకు చెప్పలేదు? రేపు చెబుదామనుకున్నాను. ఎల్లుండి బాగు చేయిద్దామనుకున్నాను. నిజానికి, చదువు, చెవి అనే ఆ మాట ఇంకోసారి పడటం ఇష్టం లేకపోయింది. అంతే.

వారం తర్వాత మామగారు, అత్తగారు విజయవాడ రోడ్డెక్కారు. అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర వైరు తెగి, రేకు ఒక పక్క కిందికి జారి, రోడ్డును గీరుకుంటూ పోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. అత్తగారు మాత్రం రోడ్డు పక్కన చాలాసేపు వణుకుతూ కూర్చున్నారట. మామగారు ఆ కోపంతోనే షెడ్డుకు వెళ్లారు. నేనూ వెంట వెళ్లాను. వెళ్లకపోతే అనుమానం వస్తుందని.

"నిన్ను నమ్మి ఆడమనిషిని ఎక్కించుకుని బయల్దేరాను కదయ్యా! వైరుతో కట్టి పంపిస్తావా?"

యోహాను తెగిన వైరు ముక్కను చేతిలోకి తీసుకుని చూశాడు. "గిది నేను కట్టలే సార్. నేను బోల్టులేసిన, సుక్క గూడ వెట్టిన. ఎవలో ఇప్పిన్రు."

షెడ్డు యజమాని చూస్తున్నాడు. పనివాళ్లు చూస్తున్నారు. చుక్కలున్న ఆ రెండు బోల్టులు నా భుజానికున్న ఆఫీసు బ్యాగులోనే ఉన్నాయి. నోరు తెరిచాను. నిజం చెప్పడానికే తెరిచానని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను. వచ్చింది మాత్రం ఇది:

"చుక్క పెట్టడం గుర్తుండి, బోల్టు పెట్టడం మర్చిపోయినట్టున్నావన్నా."

షెడ్డంతా నవ్వింది. కోపంగా ఉన్న మామగారు కూడా నవ్వారు. యోహాను నవ్వలేదు. తన చేతుల వంక చూసుకున్నాడు.

నేను వచ్చేశాను గానీ జోకు అక్కడే ఉండిపోయింది. ఆయన ఏ బండి కింద నుంచి లేచినా, "అన్నా, సుక్కొక్కటేనా, బోల్టు గూడ వెట్టినవా?" అని అడిగేవాళ్లట. కొన్నాళ్లకు యజమాని ఆయన్ని ఇంజన్ పని మాన్పించి, బండ్లు కడిగే చోట పెట్టాడు. మామగారు మెకానిక్‌ను మార్చారు. నేను చైతన్యపురిలో మెట్రో దిగి, ఆ బోల్టులను ఒక చెత్తడబ్బాలో వేశాను. కథల్లో అయితే ఇలాంటివాడికి కనీసం జ్వరమైనా రావాలి. నాకు ప్రమోషన్ వచ్చింది.

దేనికి భయపడ్డాను? మామగారు మహా అయితే ఒక పూట ఎగతాళి చేసేవారు. ఆ ఒక్క పూట తప్పించుకోవడానికి, నాకంటే బాగా పని తెలిసినవాణ్ని, నాకు ఏ అపకారమూ చేయనివాణ్ని, ఎవరి వైపూ వేలెత్తి చూపించని మనిషిని, ఆరేళ్లపాటు రోజూ నవ్వులపాలు చేశాను. పిరికితనం అంటే సరిపోతుందా? తెలియదు. క్షమించమని రాయడం లేదు. రాస్తుంటే ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది, అది మాత్రం దాచను.

పోయిన నెల షెడ్డుకు వెళ్లాను. మిగతావాళ్లు భోజనాలకు వెళ్లేదాకా ఆగాను. యోహాను ఎవరిదో కారు కడుగుతున్నాడు. వైరు సంగతి, గ్లాసు సంగతి, బోల్టుల సంగతి, అన్నీ చెప్పాను. ఆయన నీళ్లు కట్టేశాడు.

"ఇన్నేండ్లు నేనే మరిసిపోయిన్నేమో అనుకున్న సార్. మా ఇంటామెకు గూడ గట్లనే జెప్పిన."

ఖాళీగా ఉన్న షెడ్డును ఒకసారి కలయజూశాడు.

"ఆనాడు అందరి ముంగట అన్నవ్. గిప్పుడు ఎవ్వరు లేంది జూసి జెప్తున్నవ్."