రేకు మీద రెండు చిల్లులు

మా ఆయనకు కారు లేదు. నడపడమూ రాదు. ఇంట్లో మాత్రం బీరువా నిండా కార్ల పుస్తకాలే. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంటుంది మా సంసారం. పోనీ అవి బొమ్మలు చూసుకునే పుస్తకాలా అంటే, అదీ కాదు. పాత కార్లలో ఏ ఏడాది బండికి ఏ రంగు వేశారు, తలుపు పిడి ఏ తీరుగా ఉండేది, ఏ బోల్టు తల గుండ్రం, ఏది పలక, ఇదే గోల. ఇలాంటివి రాసేవాళ్లు కూడా ఉంటారా అనుకునేదాన్ని. రాసేవాళ్లున్నారు. చదివే ఆయన మా ఇంట్లోనే ఉన్నారు.

ఆయన పేరు బాలశౌరి. కొండపల్లి దగ్గర థర్మల్ స్టేషన్ స్టోర్సులో పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగం చేసినన్నాళ్లూ పగలంతా నట్లూ బోల్టులూ లెక్కపెట్టడం, సాయంత్రం బస్సులో వేలాడుతూ గుణదల ఇంటికి రావడం, కాళ్లు కడుక్కుని మళ్లీ నట్లూ బోల్టుల పుస్తకమే తెరవడం.

"పొద్దుట్నుంచీ చూసినవి చాల్లేదా అండీ?" అనేదాన్ని.

"అక్కడివన్నీ అరిగిపోయినవి స్టెల్లా. పుస్తకంలో ప్రతిదీ ఉండాల్సిన చోట ఉంటుంది" అనేవారు.

ఆ పిచ్చి ఊరికే పట్టింది కాదు. మా మామగారు డ్రైవరు. మిషన్ ఆసుపత్రి డాక్టరమ్మగారి నల్ల అంబాసిడర్‌లో ఆమెను డెల్టా ఊళ్లన్నీ తిప్పారు. కొడుకును ఆ బండి తుడవనిచ్చేవారు గాని స్టీరింగ్ ముట్టుకోనిచ్చేవారు కాదు. "నువ్వు చదువుకో నాయనా, ఈ పని నాతో పోవాలి" అనేవారట. ఆ కొడుకు చదువుకున్నాడు, కార్ల గురించే చదువుకున్నాడు. డాక్టరమ్మగారు పోయాక బండిని ఎవరో కొనుక్కుపోయారు. దాని డ్యాష్‌బోర్డు మీద తాను బిగించుకున్న వేలెడంత ఇత్తడి మరియమ్మను మాత్రం మామగారు విప్పి ఇంటికి తెచ్చుకున్నారు.

ఆ మరియమ్మ ఇప్పటికీ మా అలమరలో ఉంది. అడుగున రెండు బోల్టులు పొడుచుకొచ్చి ఉంటాయి కాబట్టి నిలబడదు. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ కొవ్వొత్తి మైనం కరిగించి, ఆ ముద్దలో గుచ్చి నిలబెడుతున్నాను. దుమ్ము తుడిచేదీ నేనే, మైనం మార్చేదీ నేనే. ఆయన దాని ముందు నిలబడి కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటారు, అంతవరకే.

ఆ బండి కోసం ఆయన వెతకని చోటు లేదు. ఆదివారం చర్చిలో పూజ అయిందంటే ఆటోనగర్ షెడ్ల వెంట తిరుగుడే. "ఒక్కసారి నాన్న కూర్చున్న సీట్లో కూర్చుంటే చాలు స్టెల్లా, ఇంకేం అడగను" అనేవారు. బండి దొరకలేదు గాని, ఆ తిరుగుడులో ఆయనకు పేరొచ్చింది. పాత బండి బాగుచేసే ప్రతివాడూ 'ఇది అసలుదా, కాదా?' అని ఈయన్నే అడగడం మొదలుపెట్టాడు. కోడిగుడ్డు మీద ఈకలు పీకే మనిషికి అంతకన్నా ఏం కావాలి?

కిందటేడు ఆయనకు మోకాలి ఆపరేషనయింది. మంచం మీద ఉండగానే బడే మియా ఫోన్ చేశాడు. ఆటోనగర్‌లో రేకు పని చేసే పెద్దాయన, మా ఆయనకు పాత స్నేహితుడు. కంకిపాడులో కళ్యాణమండపం నడిపే వినీల అనే ఆవిడ పాత అంబాసిడర్ కొన్నదట, పుస్తకంలో ఉన్నట్టే చేసిపెట్టమందట. షెడ్డుకు వచ్చింది నంబరు పలకలు కూడా లేని, తెల్ల రంగు పూసిన డొల్ల. ఇక రోజూ ఫోన్లో ఫోటోలు, ఒకరోజు తలుపు, ఒకరోజు గొళ్లెం. ఈయన పుస్తకం ఒళ్లో పెట్టుకుని తీర్పులు చెప్పడం, పళ్లెంలో అన్నం చల్లారిపోవడం. నాకు విసుగొచ్చి అడగడం కూడా మానేశాను.

ఒకరోజు నేను పప్పు తాలింపులో ఉండగా పిలిచారు.

"చూడు స్టెల్లా, డ్యాష్‌బోర్డు రేకు ఎంత చక్కగా ఉందో. ఎవడో బుద్ధిలేనివాడు నట్టనడుమ రెండు చిల్లులు పొడిచాడు."

చూసీ చూడనట్టు చూశాను. "పోనీలెండి, వాడికేం అవసరమొచ్చిందో" అన్నాను.

"ఏ అవసరమైనా తప్పు తప్పే. కంపెనీ పెట్టిన చిల్లులు కావివి." పుస్తకంలో పేజీ తీసి చూపించారు. తర్వాత ఫోన్లో చెప్పారు. "అతుకు వేస్తే తెలిసిపోతుంది మియా. రేకే మార్చేయండి."

ఈ ఏడు గుణదల తిరనాళ్లు అయ్యాక బండి చూసిపొమ్మని వినీల కబురు పెట్టింది. కర్ర పట్టుకుని, బస్సెక్కి కంకిపాడు వెళ్లాం. కళ్యాణమండపం ముందు పందిరి కింద నల్లగా మెరుస్తూ ఉంది బండి. పాత కాగితాల్లో ఉన్న నంబరే రాయించిందట, పలక మీద కొత్తగా ఉంది. మా ఆయన ఆ పలక ముందు ఆగిపోయారు. ఆ నంబరు ఆయన నిద్రలో కూడా చెప్పగలరు.

"ఏంటండీ, ఏమన్నా తేడా ఉందా?" అంది వినీల.

"లేదమ్మా. ఇది మా నాన్న తోలిన బండి."

ఆ పిల్ల మంచిది. గబగబా తలుపు తీసి, "అయితే ముందు మీరే కూర్చోవాలండీ" అంది. ఆయన కర్ర నాకిచ్చి, కాలు చేత్తో ఎత్తి లోపల పెట్టుకుని కూర్చున్నారు. స్టీరింగ్ మీద రెండు చేతులూ వేశారు. నిజం చెప్పొద్దూ, నాకూ కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్ల తిరుగుడుకు ఫలం దక్కింది అనుకున్నాను.

"మరియమ్మ ఇక్కడుండేది" అని డ్యాష్‌బోర్డు నడుమ వేలు పెట్టారు. రేకు నున్నగా ఉంది.

"అక్కడే రెండు చిల్లులుండేవంటండీ" అంది వినీల సంతోషంగా. "మీరు చెబితేనే రేకు మార్చారంట. ఇప్పుడెంత బావుందో చూడండి."

ఆయన వేలు అక్కడే ఉండిపోయింది. "బావుందమ్మా. ఒక్క తప్పు లేదు" అని దిగారు.

బస్టాండులో నేనే బడే మియాకు ఫోన్ చేశాను. పాత రేకు ఉందా అని అడిగాను.

"అదెక్కడిదమ్మా? ఆ కాలం రేకు గట్టిది గదా, ముక్కలు కోసి వేరే బండ్లకి అతుకులేశా. ఏమైందమ్మా?"

"ఏం లేదు మియాగారూ" అన్నాను. ఆయన పక్కన కూర్చుని అంతా విన్నారు.

ఇంటికి రాగానే అలమర దగ్గరకు వెళ్లి మరియమ్మను తీశారు. నా కాపురంలో ఆయన ఆ బొమ్మను చేత్తో పట్టుకోవడం అదే మొదలు. అడుగున మైనం గోటితో గీకి గీకి తీశారు. రెండు బోల్టులూ బయటపడ్డాయి. ఫోన్లో ఆ చిల్లుల ఫోటో తీసి పక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు.

"వంకర లేకుండా, కొలిచి పెట్టాడు స్టెల్లా" అన్నారు. బొమ్మను తిప్పి చూస్తూ, "బుద్ధిలేనివాడన్నాను" అన్నారు.

ఆ పుస్తకాల మీద నాకున్న కోపమంతా వెళ్లగక్కడానికి ఇంతకన్నా అదను దొరకదు. అయినా కొవ్వొత్తి వెలిగించి అలమరలో మైనం కార్చాను. బొమ్మ అందుకోబోతే ఆయన ఇవ్వలేదు. తానే మైనంలో గుచ్చి, ఒరగకుండా పట్టుకుని నిలబడ్డారు.

నేను వంటింట్లోకి వెళ్లి అన్నం పొయ్యి మీద పెట్టి వచ్చాను. మైనం ఎప్పుడో గట్టిపడింది. ఆయన ఇంకా చెయ్యి తీయలేదు.