బావగారూ, ఆ గోధుమరంగు పిట్టల ఇంటిపేరూ

మా పెద్దక్క భర్త, మా బావగారు, కిందటి నెల తణుకులో పోయారు. మేనల్లుడు ఫోన్‌లో "మావయ్యా, నాన్నగారు..." అని ఆగిపోయాడు. నేను తణుకు బస్సెక్కాను.

ఆయన కాలేజీలో జువాలజీ లెక్చరర్. నేను ఎనిమిదో తరగతితో బడికి దణ్ణం పెట్టి, భీమవరంలో ఐసు అమ్ముకున్నవాణ్ణి. ఐసు గురించి మొదలెడితే రొయ్యల దాకా పోతాను, కాబట్టి ఆపేస్తాను. ఏటా చలికాలంలో మారేడుమిల్లి అడవికి ఆయన నన్నే వెంటబెట్టుకెళ్లేవారు. ఫ్లాస్కు మొయ్యడానికి కాబోలు అనుకునేవాణ్ణి. తోడు లేకపోతే అక్క గడప దాటనిచ్చేది కాదని తరవాత తెలిసింది.

మంకీ టోపీ, జేబునిండా వేయించిన వేరుశనగపప్పు, మెడలో బైనాక్యులర్సు. మొదటిసారి గంటసేపు నిలబెట్టి పిచ్చుకంత పిట్టని చూపించారు. గోధుమరంగు ఒళ్లు, బూడిదరంగు తల.

"దీనికోసమా అండీ ఇంత దూరం? మా ఐసు ఫ్యాక్టరీ రేకుల మీద బోలెడున్నాయి."

"అవి పిచ్చుకలోయ్. కాసేపు నోరు మూసి చెవులు తెరు."

తిరుగు బస్సులో పాఠం చెప్పారు. శాస్త్రంలో ప్రతి పిట్టకీ రెండు పేర్లట. ముందొచ్చేది ప్రజాతి. "మన ఇంటిపేరు లాంటిదోయ్." ఆ పిట్ట ఇంటిపేరు ఆల్సిపీ. తూర్పు దేశాల అడవుల్లో ఇలాంటి చిన్న పిట్టలు చాలా ఉన్నాయనీ, అన్నీ ఆ ఇంటివేననీ పుస్తకాలు చెప్పేవి. ఆయనా అదే చెప్పేవారు. సినిమా బోర్డులు రాసే మనిషి చేత కాలేజీ ల్యాబులో పెద్ద రేకు బోర్డు రాయించారు. ఒకే కొమ్మ మీద ఆ పిట్టలన్నీ, అన్నిటికీ హీరోయిన్లలా కాటుక కళ్లు!

ఆయన రిటైరయ్యాక, విశాఖలో పనిచేస్తున్న పాత శిష్యుడొకడు చూడ్డానికొచ్చాడు. ఆ పిట్టలకి డీఎన్ఏ పరీక్షలు చేశారనీ, చాలావాటికి అసలు చుట్టాలు వేరే ఇళ్లలో ఉన్నాయనీ చెప్పాడు. బావగారి ముందు పెసరట్టు చల్లారిపోయింది.

"అయితే ఇన్నేళ్లూ పిల్లలకి తప్పు చెప్పానా?"

"అప్పటికి తెలిసింది అదే కదండీ మాస్టారూ."

"బట్టలు చూసి చుట్టరికం కలిపేశాం నాయనా."

వారం రోజులు సరిగా తినలేదు. ఎనిమిదో రోజు నన్ను పిలిపించి, రంగు డబ్బాలతో కాలేజీకి బయల్దేరదీశారు. అక్కడి కుర్ర లెక్చరర్ మర్యాదగానే అన్నాడు, "ఇది సిలబస్‌లో లేదు సార్. ఎవరు చూస్తారండీ?"

"చూసినవాళ్లు నమ్మారు కదండీ," అన్నారు బావగారు.

నేను స్టూలు పట్టుకున్నాను. ఆయన పాత కొమ్మ మీద తెల్లరంగు పూసి, కొత్త కొమ్మలు గీసి, పిట్టల్ని ఒక్కోదాన్నీ తన చుట్టాల దగ్గరికి చేర్చారు. మా మారేడుమిల్లి పిట్టని మాత్రం కదపలేదు. దగ్గరివాళ్లు కొందరితో కలిసి అది పాత చోటే ఉంది. ఆ ఇంటిపేరు మొదట పెట్టింది దానికేనట.

"పంపకాల్లో పాతిల్లు దీనికొచ్చిందన్నమాట," అన్నాను. ఆ వారంలో ఆయన నవ్వడం అదే మొదలు.

తెల్లరంగు పల్చగా పడింది. కింద పాత గీత కనపడుతోంది. "ఇంకో పూత వెయ్యమంటారా?" అన్నాను.

"వద్దోయ్. ఎక్కడ పొరబడ్డామో కూడా పిల్లలకి తెలియాలి."

పెద్దకార్యం అయిన మర్నాడు కాలేజీకి వెళ్లాను. బోర్డు అక్కడే ఉంది. రికార్డు పుస్తకాలు గుండెకి ఆనించుకుని ఇద్దరమ్మాయిలు దాని ముందు నిలబడ్డారు.

"ఆ తెల్లమచ్చేంటే?"

"ముందు ఇవన్నీ ఒకటే అనుకున్నారంట. తరవాత కాదని తెలిసి, మాస్టారు వచ్చి దిద్దారంట."

అడిగిన అమ్మాయి దగ్గరికెళ్లింది. తెల్లరంగు కిందున్న పాత గీత మీద వేలు పెట్టి, దాని వెంటే మెల్లగా, కాటుక కళ్ల మా మారేడుమిల్లి పిట్ట దాకా వెళ్లింది.